ఎలుక నడిచే దారిలోనే పసిపాప పాకుతుంది

వరి కోతలు పూర్తయిన వారం పది రోజులకు ఉత్తర తెలంగాణలో ఇళ్లలో ఎలుకల సందడి మొదలవుతుంది. అంతవరకు పొలంలో వెన్నులు కొరుక్కుని బతికిన ఎలుకకు కోత మిషను వెళ్లిపోయాక తినడానికి గింజ ఉండదు, దాక్కోవడానికి దుబ్బు ఉండదు. గట్టు పట్టుకుని ఊళ్లోకి వస్తుంది. వానాకాలం పంట తర్వాత నవంబరు, డిసెంబరు నెలల్లో ఒకసారి, యాసంగి తర్వాత ఏప్రిల్, మే నెలల్లో మరోసారి ఈ రాక కనిపిస్తుంది. మధ్యలో పెద్ద వానలు పడి బొరియల్లోకి నీళ్లు చేరితే అది మూడోది. వరంగల్ వంటి నగరంలో వీటికి తోడు ధాన్యం, మిర్చి, పత్తి బస్తాల రాకపోకలు ఉంటాయి. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల గోదాములు, గిర్మాజీపేట వంటి పాత బజార్లలో ఒకే గోడను పంచుకుని వరసగా కట్టిన ఇళ్లు, కొత్తవాడలో నూలు నిండిన మగ్గం గదులు ఉన్నాయి. ఎలుకకు కావలసిన తిండి, దారి, గూడు మూడూ కూతవేటు దూరంలోనే దొరుకుతాయి.

సజ్జ మీద చప్పుడు వినిపించిన మరునాడు చాలా ఇళ్లలో జరిగే పని ఒకటే. కిరాణా దుకాణానికో, ఎరువుల దుకాణానికో వెళ్లి ‘ఎలుకల మందు’ అడుగుతారు. ఇచ్చిన పొట్లంలో ఏముందని అడిగేవారు తక్కువ. దాన్ని బియ్యం, ఉప్పు, పిల్లల బిస్కెట్లతో కలిపి అదే సంచిలో ఇంటికి తెస్తారు. రాత్రి అన్నం ముద్దలో కలిపి మూలల్లో పెడతారు, తెల్లారి ఎన్ని ముద్దలు పెట్టిందీ ఎన్ని మిగిలిందీ గుర్తుండదు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పాకే పిల్లలు, కుక్క, పిల్లి, పెరట్లో కోళ్లు ఉన్న ఇంట్లో ఈ వరస తలకిందులు కావాలి. మొదట తిండి ఆపాలి, తర్వాత కంతలు మూయాలి, ఆ తర్వాత బోను పెట్టాలి. అవన్నీ చేశాక కూడా బెడద తీరకపోతేనే మందు మాట. ఆ వరసలో పనిచేస్తే చాలా ఇళ్లలో మందు దాకా రావలసిన అవసరమే పడదు.

ఎందుకింత పట్టుదలగా చెప్పవలసి వస్తున్నదో ఒక్క గదిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఎలుక గది మధ్యలోంచి నడవదు. మీసాలతో గోడ అంచును తడుముకుంటూ బీరువా వెనక నుంచి మంచం కిందికి, అక్కడి నుంచి గ్యాస్ సిలిండర్ చాటుకు పోతుంది. మందును కూడా అక్కడే పెట్టమంటారు. అదే గదిలో ఎనిమిది నెలల పాపను నేల మీద వదిలితే ఆమె వెళ్లే దారి కూడా ఇంచుమించు అదే. మంచం కోడు పట్టుకుంటుంది, దాని కిందికి దూరుతుంది, నేల మీద కనిపించిన దేన్నైనా వేళ్లతో పట్టి నోట్లో పెట్టుకుంటుంది. కుక్కపిల్ల ముక్కుతో వెతికేదీ ఆ మూలలనే. పెద్దవాళ్లకు ‘ఎవరికీ అందని చోటు’గా కనిపించేది నిలబడి చూసే కళ్లకు మాత్రమే. పాపకూ కుక్కకూ ఎలుకకూ ఇల్లు కనిపించే ఎత్తు ఒకటే, నేల నుంచి జానెడు.

దుకాణంలో దొరికే మందులు అన్నీ ఒక్కటి కావు. ట్యూబులో పేస్టులా వచ్చే రకాల్లో కొన్నింటిలో ఉండేది పసుపు భాస్వరం, సాధారణంగా 3 శాతం. ఇళ్లలో ఉండకూడని వాటిలో ఇది మొదటిది. రొట్టె ముక్కకో, టమాటా ముక్కకో రాసి పెట్టే అలవాటు వల్ల అది అచ్చం పిల్లల తినుబండారంలా కనిపిస్తుంది. ట్యూబు చూస్తే టూత్‌పేస్టులా ఉంటుంది. దీని విషం పనిచేసే తీరు మరింత మోసపూరితం. మొదటి రోజు వాంతులు, కడుపునొప్పి ఉంటాయి. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు బిడ్డ కుదుటపడినట్టే కనిపిస్తుంది, ఆడుకుంటుంది కూడా. తల్లిదండ్రులు గండం గడిచిందనుకుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. కామెర్లు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. దీనికి నిర్దిష్టమైన విరుగుడు లేదు. తమిళనాడు ప్రభుత్వం ఈ పేస్టు మీద నిషేధం కూడా విధించింది. ఇంట్లో ఇప్పటికే ఒక ట్యూబు ఉంటే దాన్ని ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అని దాచుకోవడం సరికాదు.

రెండోది జింక్ ఫాస్ఫైడ్. బొగ్గుపొడిలా నల్లగా ఉంటుంది. వరి పొలాల్లో నూకలు, కాస్త నూనె కలిపి ఎర పెట్టడానికి రైతులు వాడేది ఇదే. పొలం పనికి తెచ్చినదాంట్లో మిగిలింది ఇంటికి చేరడం దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. పేరు లేని ప్లాస్టిక్ కవర్లో, మందుల అలమరలోనో వంటింటి గూట్లోనో అది నెలల తరబడి ఉండిపోతుంది. కడుపులోని ఆమ్లంతో కలిసినప్పుడు ఇది ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుదల చేస్తుంది. ఎలుకలో ఏం జరుగుతుందో మనిషిలోనూ, కోడిలోనూ, కుక్కలోనూ అదే జరుగుతుంది. దీనికీ విరుగుడు లేదు. మందు తిన్న కుక్క వాంతి చేసుకుంటే ఆ వాంతి నుంచి వెలువడే వాయువు పక్కనున్న మనిషికి కూడా హాని చేస్తుంది.

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలది ఇంకో కథ. గోదాముల్లో ధాన్యం బస్తాలకు పొగబెట్టడానికి తయారైనవి ఇవి. గాలిలోని తేమ తగిలితే చాలు ఫాస్ఫీన్ వెలువడుతుంది. సాధారణ జనానికి అమ్మకూడదనీ, ప్రభుత్వ సంస్థలు, అనుమతి ఉన్న తెగుళ్ల నివారణ నిపుణులు మాత్రమే వాడాలనీ నిబంధన ఉన్నా, మార్కెట్లు ఉన్న ఊళ్లలో ఇవి చేతులు మారుతూనే ఉంటాయి. ఎలుకల కోసమో, బియ్యంలో పురుగు కోసమో నివాస గదిలో ఒక్క బిళ్ల పెట్టినా ఆ గదిలో పడుకున్నవారికి ప్రాణాపాయం. వాయువుకు గోడలు అడ్డం రావు. పాత ఇళ్లలో పైకప్పు సందుల్లోంచి, వాసాల కంతల్లోంచి పక్కింటి గదిలోకీ పోతుంది. ఈ ఒక్క మందు విషయంలో ‘జాగ్రత్తగా వాడితే’ అనే మాటే లేదు. ఇది ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు.

ఇక బ్రోమాడియోలోన్. నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో బిళ్లలుగా దొరికే ఎర ఇది, సాధారణంగా 0.005 శాతం మోతాదులో ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు, మూడు నాలుగు రోజుల నుంచి వారం వరకు పడుతుంది. విటమిన్ కె1 దీనికి విరుగుడు. పై మూడింటితో పోలిస్తే ఇది నయం, అంతమాత్రాన పిల్లల మధ్య పెట్టదగినది అయిపోదు. రంగు బిళ్ల పసివాళ్లకు మిఠాయిలా కనిపిస్తుంది. కుక్క డబ్బా కొరికి మొత్తం తినేయగలదు, తిన్న మూడు నుంచి ఐదు రోజుల దాకా దాని ఒంట్లో తేడా తెలియదు. ఆపైన చిగుళ్లు పాలిపోవడం, నీరసం, దగ్గు, మూత్రంలో రక్తం కనిపిస్తాయి. చికిత్స వారాల పాటు సాగుతుంది. మందు తిన్న ఎలుక కదలికలు మందగిస్తాయి కాబట్టి పిల్లికి సులువుగా చిక్కుతుంది. ఎలుక కాలేయంలో నిలిచిన మందు పిల్లి ఒంట్లోకి చేరుతుంది. రాత్రిపూట ఎలుకలను వేటాడి రైతుకు ఎంతో మేలు చేసే గుడ్లగూబ కూడా ఇలాగే బలవుతుంది. ఎలుకను చంపబోయి ఎలుకను తినే ప్రాణిని పోగొట్టుకోవడం ఎంత నష్టమో ఒకసారి ఆలోచించాలి.

మందు తిన్న ఎలుక దాహంతో బయటికి పోయి చస్తుందన్న నమ్మకం కూడా బలంగా ఉంది. అది నిజం కాదు. ఎక్కువగా అది తన గూట్లోనే, అంటే సజ్జ మీది పాత పరుపులోనో, ఫాల్స్ సీలింగ్ పైనో చస్తుంది. ఆ తర్వాత రెండు వారాల దుర్వాసనను ఇల్లంతా భరించాలి.

విషం వద్దనుకున్నవారు వంటింటి చిట్కాలవైపు మళ్లుతారు. వీటిలో కొన్ని విషంతో సమానం. గోధుమపిండిలో పారాసిటమాల్ మాత్రలు నలిపి ఉండలు చేసి పెట్టమని వీడియోల్లో చెబుతున్నారు. పిల్లి శరీరానికి పారాసిటమాల్‌ను విరగ్గొట్టే శక్తి లేదు, ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక పిల్లి ప్రాణం తీయగలదు. డాంబర్ గోలీలు అని మనం పిలిచే నాఫ్తలీన్ ఉండలు తెల్లగా, గుండ్రంగా, పిప్పరమెంటు బిళ్లల్లా ఉంటాయి. జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలు ఒక్కటి మింగినా ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై ప్రమాదంలో పడతారు. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి ముందుగా తెలియనే తెలియదు. మిర్చికి పేరుమోసిన ప్రాంతం కనుక కంతల్లో కారం కూరడం ఇక్కడ సహజంగా తోచే ఉపాయం. మంట ఎలుకకు నచ్చని మాట నిజమే, రెండు రోజుల్లో ఘాటు పోయాక అది మళ్లీ వస్తుంది. ఈలోగా ఆ కారం పాప వేళ్లకు అంటి కళ్లలోకి చేరుతుంది. మనకు వినబడని శబ్దంతో ఎలుకలను తరిమేస్తాయని అమ్మే ప్లగ్ పరికరాల మీద డబ్బు పెట్టడం కూడా వృథా. అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ 2001లోనే వీటి తయారీదారులకు, ఆధారాలు లేని ప్రచారం చేయవద్దని హెచ్చరిక లేఖలు పంపింది.

ముగ్గుపిండి చెప్పే సాక్ష్యం

ఏ పనికైనా ముందు, ఇంట్లో తిరుగుతున్నది ఏదో తెలియాలి. దీనికి ఖర్చులేని పద్ధతి ఒకటి ఉంది. పడుకునే ముందు అనుమానం ఉన్న గోడల అంచుల్లో, సింకు కింద, సిలిండర్ వెనక జానెడు వెడల్పున ముగ్గుపిండిని పలుచగా చల్లి, తలుపు వేసి ఉంచాలి. తెల్లారి టార్చి వెలుగును నేలకు ఏటవాలుగా పట్టి చూస్తే అడుగులు స్పష్టంగా కనిపిస్తాయి. చిన్న చిన్న చుక్కల్లాంటి అడుగులైతే చిట్టెలుక. వేళ్లు విడివిడిగా తెలిసే పెద్ద అడుగులు, మధ్యలో తోక ఈడ్చిన గీత ఉంటే ఎలుక. అడుగులు ఎక్కడ మొదలై ఎక్కడ మాయమయ్యాయో అక్కడే కంత ఉంటుంది. పిల్లలు లేవకముందే పిండిని తడిగుడ్డతో తుడిచేయాలి.

పెంటికలు కూడా గుర్తు చెబుతాయి. చిట్టెలుకవి బియ్యపు గింజకన్నా చిన్నవి. ఇంటి ఎలుకవి అర అంగుళం వరకు పొడవు ఉంటాయి. అటక మీద, వాసాల మీద తిరిగేది ఇంటి ఎలుక, అది చక్కగా ఎక్కగలదు. నేలను తవ్వుకుంటూ మోరీ పక్కన మట్టి కుప్పలు పోసేది పందికొక్కు. ఇంగ్లీషులోని బ్యాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే పుట్టిందని నిఘంటువులు చెబుతాయి, ఈ నేలకు ఆ జంతువుతో ఎంత పాత పరిచయమో దీన్నిబట్టి తెలుస్తుంది. మూతి సూదిగా ఉండి, కిచకిచమంటూ గోడవారన పరుగెత్తి, కంపు వదిలి పోయే చుంచు అసలు ఎలుకల జాతిదే కాదు. అది బొద్దింకలను, పురుగులను తింటుంది. దాని కోసం మందు పెట్టడం పూర్తిగా అనవసరం. వెలుతురు పడే వేళ తలుపు తీసి దారి చూపితే వెళ్లిపోతుంది.

కంతలు, డబ్బాలు, చెత్తబుట్ట

చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు, అంటే పెన్సిలు పట్టేంత. ఎలుకకు 12 మిల్లీమీటర్లు. తల పట్టిన చోట ఒళ్లంతా పడుతుంది. ఇంటి చుట్టూ ఒక పెన్సిలు పట్టుకుని తిరిగితే ఎన్ని చోట్ల అది దూరుతుందో చూసి ఎవరైనా ఆశ్చర్యపోతారు. ఏసీ గొట్టం గోడలోకి వెళ్లే చోట, సింకు గొట్టం మోరీలో కలిసే చోట, కరెంటు పైపు చుట్టూ, స్నానాలగది జాలీ విరిగిన చోట, చెక్క తలుపు కింద అరిగిపోయిన అంచు దగ్గర అవి కనిపిస్తాయి. పెంకుటిళ్లలో అయితే గోడకూ వాసానికీ మధ్య సందులు.

వీటిని గుడ్డపీలికలతో, థర్మోకోల్‌తో, నురగ డబ్బాతో మూస్తే ప్రయోజనం లేదు. ఎలుక ముందుపళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవడానికి అది ఏదో ఒకటి కొరుకుతూ ఉండాలి. మెత్తటి వస్తువు దానికి అడ్డు కాదు. కంతలో స్టీలు పీచును గట్టిగా కూరి దాని మీద సిమెంటు పూయాలి. పీచును ఊరికే వదిలేస్తే పిల్లలు లాగేస్తారు, చేతులు తెగుతాయి. తలుపు అడుగున రేకు పట్టీ, కిటికీలకు, వెంటిలేటర్లకు సన్నకంతల ఇనుప జాలీ బిగించాలి. బాదం, జామ చెట్ల కొమ్మలు డాబాను ఆనుకుని ఉంటే కనీసం మీటరు దూరం ఉండేలా కొట్టించాలి, ఇంటి ఎలుకకు అదే నిచ్చెన. గ్యాస్ పొయ్యికి పాత రబ్బరు గొట్టం ఉంటే తీసేసి లోపల ఉక్కు తీగ అల్లిన సురక్ష గొట్టం పెట్టించాలి. ఎలుక కొరికిన గ్యాస్ గొట్టం ఎంత ముప్పో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పనికి ఒక మేస్త్రీ ఒక రోజు కూలి, అర బస్తా సిమెంటు చాలు. ప్రతి సీజనులో మందుకు పెట్టే ఖర్చుకు ఇది ఎక్కువేమీ కాదు. అద్దె ఇళ్లలో ఇక్కడే పని ఆగుతుంది. గోడ యజమానిది, పాప అద్దెకున్నవాళ్లది. అయినా తలుపు కింది పట్టీ, సింకు గొట్టం చుట్టూ పూత వంటివి అద్దెకున్నవారు చేయించుకున్నా నష్టపోయేది లేదు.

కంతలు మూయడంతో పాటు తిండి ఆగాలి. ఎలుక రోజుకు తినేది 15 నుంచి 25 గ్రాములు, చిట్టెలుకకు మూడు గ్రాములు చాలు. పొయ్యి పక్కన రాలిన అన్నం మెతుకులు, పిల్లల ఎత్తుకుర్చీ కింద పడ్డ బిస్కెట్ పొడి ఒక చిట్టెలుక కుటుంబాన్ని పోషించగలవు. ధాన్యం, బియ్యం ప్లాస్టిక్ సంచుల్లో కాకుండా మూత బిగిసే రేకు డ్రమ్ముల్లో ఉండాలి. డ్రమ్ములను, బస్తాలను గోడకు అరమీటరు ఎడంగా, నేల నుంచి జానెడు ఎత్తున బల్ల మీద పెడితే వెనక గూడు కట్టే వీలుండదు, ఊడ్చుకోవడానికీ వీలవుతుంది. చెత్త బండి పొద్దున వస్తుందని రాత్రే తడిచెత్తను కవర్లో కట్టి గేటు దగ్గర పెట్టడం ఎలుకకు విందు పిలుపు. మూత ఉన్న బకెట్లో ఉంచి పొద్దున ఇవ్వాలి.

పెంపుడు జంతువులున్న ఇళ్లలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. కుక్క గిన్నెలో రాత్రంతా ఉండే పెడిగ్రీ గింజలు, పిల్లి కోసం పెట్టిన పాలన్నం, కోళ్లకు చల్లిన నూకలు, ఇవే ఎలుకలను రప్పిస్తున్నాయి. కుక్క తిన్న అరగంటకు గిన్నె తీసి కడిగేయాలి. గింజల సంచి కూడా మూత డబ్బాలోకి చేరాలి. ఎండాకాలంలో నీళ్ల సంగతి చూడాలి. వరంగల్ వేసవిలో ఎలుకకు తిండికన్నా నీళ్లే కరువు. వరండాలోని కూలరు కారుతున్న చోటు, చుక్కలు పడే నల్లా దానికి ఆధారం. అవి ఆపితే సగం ఎలుకలు వేరే చోటు వెతుక్కుంటాయి.

బోనులు

లోపల మిగిలిన వాటికి బోను. కంతలు మూయకుండా బోను పెడితే ఒకటి పట్టిన చోట రెండు వస్తాయి. ఎలుక కొత్త వస్తువును అనుమానిస్తుంది, చిట్టెలుక కొత్తదాన్ని వెంటనే పరీక్షిస్తుంది. అందుకే ఎలుక బోనును రెండు మూడు రాత్రులు తలుపు కట్టేసి, లోపల ఎర ఉంచి ఊరికే వదిలేయాలి. అది నిర్భయంగా లోపలికెళ్లి తిని వస్తున్నదని ఎర మాయమవడంతో తెలిశాక అప్పుడు బిగించాలి. ఎరగా వేయించిన పల్లీలు, ఎండు కొబ్బరి, బజ్జీ ముక్క, ఎండు చేప బాగా పనిచేస్తాయి. చాక్లెట్ వద్దు, అది కుక్కకు విషం.

తీగల బోను పిల్లలున్న ఇంటికి చెక్క బోనుకన్నా నయం. అయితే చిక్కిన ఎలుకను చూడడానికి పిల్లలు వేళ్లు దూరుస్తారు, అది కరుస్తుంది. కాబట్టి రాత్రి పిల్లలు పడుకున్నాక పెట్టి, తెల్లారకముందే తీయాలి. పట్టిన ఎలుకను వీధి చివర వదిలితే మళ్లీ ఇంటికే వస్తుంది. బోనుతో సహా ఎండలో పడేసి చావనివ్వడం, నీళ్లలో ముంచడం క్రూరత్వం. ఇళ్లకు దూరంగా, వెంటనే వదిలేయాలి. వేటు పడి చంపే స్ప్రింగ్ బోను వాడాలనుకుంటే దాన్ని ఎప్పుడూ విడిగా పెట్టకూడదు. గట్టి చెక్కపెట్టెకు రెండు వైపులా ఎలుక పట్టేంత కంత చేసి, లోపల బోను బిగించి, మూతకు మేకు కొట్టి గోడవారన పెట్టాలి. ఎలుక దూరుతుంది, పాప చెయ్యి లోపలి స్ప్రింగు దాకా వెళ్లదు, కుక్క మూతి పట్టదు.

జిగురు అట్టలు మాత్రం ఏ ఇంటికీ తగవు. వాటికి అంటుకున్న ఎలుక గంటల తరబడి కీచుమంటూ, తన కాళ్లు తానే కొరుక్కుంటూ చస్తుంది. భారత జంతు సంక్షేమ బోర్డు వీటిని వాడవద్దని చెబుతూ వచ్చింది. అంతేకాదు, బల్లులు, పిచ్చుకలు, పిల్లికూనలు, పసిపిల్లల చేతులు కూడా వీటికి అంటుకుంటాయి. పొరపాటున అంటుకుంటే లాగకుండా వంటనూనె రాసి మెల్లగా రుద్దితే జిగురు వదులుతుంది.

పిల్లిని పెంచితే సరిపోదా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. పిల్లి వాసనకు చిట్టెలుకలు జంకుతాయి, కొన్నింటిని అది పడుతుంది కూడా. పెద్ద ఎలుకల విషయంలో దాని సాయం తక్కువ. న్యూయార్క్‌లో చెత్తను వేరుచేసే ఒక కేంద్రంలో 79 రోజులు కెమెరాలతో గమనిస్తే పిల్లులు చంపిన ఎలుకలు రెండే అని 2018లో పరిశోధకులు ప్రచురించారు. పిల్లిని పిల్లిగా ప్రేమతో పెంచుకోవాలి, ఎలుకల పని దానికి అప్పజెప్పకూడదు.

శుభ్రం చేయడంలో ఒక పొరపాటు దాదాపు ప్రతి ఇంట్లో జరుగుతుంది. పెంటికలను పొడి చీపురుతో ఊడుస్తారు. దాంతో ఎండిన మూత్రం, మలం దుమ్ముగా లేచి ముక్కులోకి పోతాయి. తొమ్మిది పాళ్ల నీళ్లకు ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, చేతి తొడుగులతో కాగితంతో తీసి కవర్లో కట్టాలి. బ్లీచింగ్‌తో యాసిడ్ కలపకూడదు. ఎలుక మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం వస్తుంది. కుక్కలకూ వస్తుంది. ఏటా వేయించే టీకాల్లో లెప్టో కూడా ఉందో లేదో పశువైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి. 2023 జూలైలో వరద నీరు వరంగల్, హనుమకొండ కాలనీలను ముంచినట్టు మళ్లీ ఎప్పుడైనా నీరు చేరితే, తగ్గాక పిల్లలను ఆ బురదలో ఆడనివ్వకూడదు.

ఎలుక కాటు పడేది ఎక్కువగా కదలలేనివారికి. 2022లో వరంగల్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉన్న రోగిని ఎలుకలు కొరికిన వార్త రాష్ట్రమంతటినీ కలచివేసింది. ఇంట్లో ఆ స్థితిలో ఉండేది పొత్తిళ్లలోని బిడ్డ, మంచం పట్టిన ముసలివాళ్లు. పాల వాసనకు ఎలుక పెదవుల దగ్గరికి, వేళ్ల దగ్గరికి వస్తుంది. పడుకోబెట్టే ముందు మూతి, చేతులు తడిగుడ్డతో తుడిచి, దోమతెర అంచులు పరుపు కిందికి మడవాలి. కాటు పడితే సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

పిల్లవాడు మందు నోట్లో పెట్టుకున్నాడన్న అనుమానం వస్తే చేయవలసింది తక్కువ, చేయకూడనిదే ఎక్కువ. నోట్లో మిగిలింది వేలితో తీసి, నోరు తుడవాలి. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, పచ్చిగుడ్డు తాగించి వాంతి చేయించకూడదు. పాలు, నూనె పట్టకూడదు, కొవ్వు పదార్థం భాస్వరాన్ని మరింత వేగంగా ఒంట్లోకి చేరుస్తుంది. మందు పొట్లాన్ని, ట్యూబును, మిగిలిన ముక్కను కవర్లో వేసుకుని 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. ఏ మందో తెలియడం మీదే డాక్టరు చేతిలో ఉన్న దారి ఆధారపడి ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా సలహా ఇస్తుంది, దారిలోనే మాట్లాడవచ్చు. బిడ్డ బాగానే ఉన్నాడని ఆగకూడదు. భాస్వరమైనా బ్రోమాడియోలోన్ అయినా మొదటి రెండు రోజులు మోసం చేస్తాయి, రక్తం గడ్డకట్టే పరీక్షను 48 గంటల తర్వాత మళ్లీ చేయవలసి ఉంటుంది. కుక్క, పిల్లి విషయంలో కూడా పొట్లంతో సహా అదే రోజు పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

అన్నీ చేశాక కూడా బయటి నుంచి పందికొక్కులు వస్తూనే ఉంటే, లైసెన్సు ఉన్న నిపుణుడితో మందు పెట్టించవచ్చు. అప్పుడు కూడా ఇంటి బయట మాత్రమే, తాళం ఉన్న పెట్టెలో, పెట్టెను నేలకు బిగించి పెట్టాలి. ఎన్ని బిళ్లలు పెట్టారో కాగితం మీద రాసుకుని, పది రోజుల తర్వాత మిగిలినవి లెక్కపెట్టి వెనక్కి ఇవ్వాలి. చచ్చిన ఎలుకలను కుక్కలకు, కాకులకు దొరక్కుండా రెండడుగుల లోతున పూడ్చాలి.

గోడలు కలిసిన వాడల్లో ఒక్క ఇల్లు చేసే పని ఎలుకలను పక్కింటికి పంపుతుంది. పక్కింటివారు మందు పెడితే చచ్చిన ఎలుక ఈ ఇంటి పెరట్లో పడి, ఇక్కడి పిల్లి నోటికి చిక్కుతుంది. అందుకే మే నెలలో, వానలకు ముందు, ఒక వరసలోని ఇళ్లవాళ్లంతా ఒకే ఆదివారం మోరీ జాలీలు మార్చుకుని, కంతలు పూయించుకుంటే మేస్త్రీ కూలి పంచుకోవచ్చు, మందు పెట్టే ఇల్లు ఏదైనా ఉంటే ముందే తెలుస్తుంది. రెండు వారాలకు మళ్లీ ముగ్గుపిండి చల్లి చూడాలి. మూడు రాత్రులు వరసగా అడుగు పడకపోతే బోనులు కడిగి పైన పెట్టేయవచ్చు, మళ్లీ వరి కోతల దాకా.